తూర్పుకు తిప్పించిన సోలారు

ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, కురబలకోట దగ్గరి మా చేనికి సోలారు మోటారు పెట్టించాలన్న గొప్ప ఆలోచన నాదే. ఊళ్ళో ఏటేటా బోర్లు పెరుగుతున్నాయి. అన్నిటికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. అది కాలిపోయిందంటే బాగుచేసి తెచ్చేదాకా పైర్లు ఎండవలసిందే. ఆ చలికాలం నా భార్య టమోటా నాటింది. చేనూ ఆమెదే, కష్టమూ ఆమెదే. ఉపన్యాసాలు మాత్రం నావి.

ప్యానెళ్ళు బిగించడానికి శాంతిపురం నుంచి వచ్చినతను ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. నన్ను చూడగానే స్పానర్ కింద పెట్టి నమస్కారం చేశాడు. నేను ఉబ్బిపోయాను.

"దక్షిణానికి పెడతాండాను సార్" అన్నాడు.

దక్షిణమా! అటు వాకిలి ఉండకూడదని ఉన్న తలుపు కాస్తా మూయించి గోడ కట్టించిన మేధావిని నేను. యముడి దిక్కుకు సోలారు పెట్టిస్తానా?

"యాల దక్షిణం? తూర్పుకు పెట్టు. సూర్యుడు పుట్టేది ఆడనే గదా" అన్నాను.

అతను ఏదో చెప్పబోయి ఆగి, "సరే సార్" అన్నాడు.

పొద్దున పూట నీళ్ళు దూకేవి. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాను. మధ్యాహ్నం దాటితే ధార సన్నబడిపోయి పై మడికి ఎక్కేది కాదు. మబ్బులన్నాను. దుమ్మన్నాను. బకెట్టూ గుడ్డా పట్టుకుని రోజుకు మూడుసార్లు ప్యానెళ్ళు తుడిచాను. నా భార్య పై మడికి బిందెలతో నీళ్ళు మోసింది. అయినా పూత రాలిపోయింది, ఆ తర్వాత చెట్లూ ఎండిపోయాయి.

చివరికి అతన్నే పిలిపించి, పాడు మోటారు అంటగట్టావని కేకలేశాను. అంతా విని మెల్లగా అన్నాడు.

"మోటారు బాగుండాది సార్. ఈ నెలల్లో ఎండ దక్షిణంగా పోతాది. ప్యానెళ్ళు అట్లా తిప్పితే సాయంత్రం దాకా నీళ్ళొస్తాయి. బళ్ళో కర్ర నాటించి, నీడ ఉత్తరానికి పడేది మాకు సూపించింది మీరే."

పై మడిలో ఎండిన చెట్లు పీకుతున్న నా భార్య తలెత్తింది.

"ఆ పొద్దే ఆయనకు సెప్పింటే అయిపోయేది గదప్పా, యాల సెప్పలేదు?"

"అడ్డం మాట్లాడితే సార్ కొడతారు గదమ్మా" అన్నాడు.

తమాషాకన్నాడేమోనని మొహం చూశాను. కాదు. సగం జుట్టు నెరిసిన మనిషి, నిజంగానే అన్నాడు. సిగ్గుపడుతూ, ప్యానెళ్ళు దక్షిణానికి తిప్పమన్నాను.