మాత్రల మిషనుకు హస్తవాసి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం నన్ను నెల్లూరు తీరాన, తోటపల్లి గూడూరు దగ్గర ఒక మాత్రల ఫ్యాక్టరీకి నాణ్యతా విభాగం మేనేజరుగా వేశారు. నా సంతకం లేకుండా ఏ బ్యాచ్ కూడా గేటు దాటదు.

నేను వెళ్లేసరికే మధ్యాహ్నం షిఫ్టు మాత్రలు వరసగా చెడుతున్నాయి. పొడి అచ్చుకు అంటుకుని, మాత్ర మీది అక్షరాలు పెచ్చులూడుతున్నాయి. దీన్ని మేం స్టికింగ్ అంటాం. సాధారణంగా తేమ వల్ల వస్తుంది. కానీ గోడ మీది మీటరు తేమ హద్దులోనే ఉందని చూపిస్తోంది. అందుకని రిపోర్టులో కారణం ‘ఆపరేటర్ పొరపాటు’, పరిష్కారం ‘మళ్లీ శిక్షణ’ అని రాసి ముగించేవారు. ఆ ఆపరేటరు మస్తాన్. ఇంకో రిపోర్టు పడితే అతని ఉద్యోగం పోతుంది.

రిపోర్టులో రాయని కారణాన్ని ప్రొడక్షన్ హెడ్ రమణారెడ్డి గారు నోటితో చెప్పారు.

“వాడి హస్తవాసి మంచిది కాదు మేడమ్. పొద్దున షిఫ్టులో పెంచలయ్య నడిపితే అదే మిషను ముత్యాలు పోస్తుంది.”

హస్తవాసి! డాక్టరు విషయంలోనే నేను ఒప్పుకోని మాట. ఫార్మసీ పట్టా ఉన్న మనిషి దాన్ని ఇనుప అచ్చులకు అంటగట్టారు. మస్తాన్‌ను పిలిచి అడిగాను. “బటన్ నొక్కితే తిరిగేది మిషను గదా మేడమ్, నా చేతిలో ఏముంది?” అన్నాడు. అంటూనే ఆ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇద్దరి షిఫ్టులూ మార్చమన్నాను. మంచివాడి పేరు కూడా చెడగొడతారా అని రమణారెడ్డి గారు విసుక్కున్నారు. నా భయం వేరు. పెంచలయ్య మాత్రలు బాగా వస్తే, మస్తాన్ ఉద్యోగాన్ని నా పరీక్షే ఊడగొడుతుంది. ఆ మధ్యాహ్నం గాజు కిటికీ ముందు నిలబడి చూశాను. మొదట మాత్రలు నున్నగా పడ్డాయి. కాసేపటికి గాలి సముద్రం మీంచి వీచసాగింది. అక్షరాలు ఊడడం మొదలైంది.

“మస్తానూ, నీ దిష్టి నాకు తగిలించినావు గదరా!” అని పెంచలయ్య అరిచాడు.

చేతి మీటరు తీసుకుని మిషను పక్కనే కొలిచాను. తేమ హద్దు దాటింది. గోడ మీటరును చల్లగాలి గొట్టం కింద బిగించారు, అది ఆ పొడిగాలినే కొలుస్తోంది. తేమ ఎటునుంచి వస్తోందో కొలుచుకుంటూ పోతే, మందు పొడి డ్రమ్ములు తెచ్చే వెనక తలుపు దగ్గర తేలాను. అది దానంతట అదే మూసుకునే తలుపు. డ్రమ్ములు తేవడం సులువని, మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టారు. పొద్దున వీచే పొడి పడమటి గాలికి అది ఏ హానీ చేయలేదు, మధ్యాహ్నం సముద్రం గాలి మాత్రం అందులోంచే తేమను తెస్తోంది.

ఎవరు పెట్టారని అడిగాను. తన పేరు మీదికి వచ్చేసరికి పెంచలయ్యే నోరు విప్పాడు.

“ఇటుక సంగతి అందరికీ తెలుసు మేడమ్. చెప్పినోడికి ట్రైనింగ్ పడతాది.”

జరిమానా పడుతుందన్నట్టే అన్నాడు.

తలుపు మూయించాం, మీటరును మిషను పక్కకు మార్పించాం. మస్తాన్ తన షిఫ్టుకు తిరిగి వచ్చాడు, స్టికింగ్ ఆగింది. శిక్షణను శిక్షగా వాడిన చోట మనుషులు దాచడమే నేర్చుకుంటారు. కారణంగా మనిషి పేరు రాయగానే వెతకడం ఆగిపోతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాంటి రిపోర్టు దేని మీదా నేను సంతకం పెట్టలేదు.