దర్జీ దాచిన కాళ్లు

మా బామ్మర్ది దర్జీ. ఎదుటివాడి నడుము చూసి కొలత చెప్పేయగలడు. తన మాట వచ్చేసరికి మాత్రం అబద్ధమాడాడు.

వాడి రెండు కిడ్నీలూ పాడైతే మా ఆవిడ ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. మా ఆవిడ తమ్ముణ్ణి మంచం దిగనిస్తే ఒట్టు. "కదిలితే కిడ్నీ కదిలిపోతుందిరా" అంటుంది. ఇచ్చిన మనిషి మూడో వారానికే వంటింట్లో తిరుగుతుంటే, పుచ్చుకున్నవాడు గాజుబొమ్మలా పడుకున్నాడు. నేను నోరు తెరిస్తే, "మీకేం తెలుసు, ఇచ్చింది నేను" అనేది.

మందుల వల్ల వాడి మొహం గుండ్రంగా ఉబ్బింది. చూడవచ్చిన వాళ్లంతా ఒళ్లు చేశాడని మురిసిపోయారు. పైన పటారం, లోన లొటారం. తొడలు పీక్కుపోతున్న సంగతి వాడొక్కడికే తెలుసు. అక్క హడలిపోతుందని, వారం వారం మంచం మీదే సూదీ దారంతో తన ప్యాంట్లు బిగించుకున్నాడు. అవి ఒంటికి అతికినట్టు ఉండేవి, మాకెవరికీ అనుమానం రాలేదు.

రెండో నెల చెకప్‌లో ఫిజియోథెరపిస్టు అమ్మాయి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. మూడుసార్లు ప్రయత్నించాడు, లేవలేకపోయాడు. ఆమె ప్యాంటు కాలి అంచు పైకి తిప్పి చూసింది. లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి కుట్టి ఉంది. మా ఆవిడ మొహం పాలిపోయింది.

"నిలబడి గుడ్డ కత్తిరించలేకపోతే కొట్టు మూసుకోవాల్సిందేనా మేడం?" అన్నాడు వాడు, తల దించుకుని.

"ఇలాగే పడుకుంటే అంతే. ఈ మందులూ, పడకా కలిసి కండని తినేస్తాయి. కిడ్నీ ఎక్కడికీ పోదమ్మా, ఆయన్ని నడవనివ్వండి. కుర్చీలోంచి లేచి కూర్చోవాలి రోజూ. తిండి సంగతి డైటీషియన్ రాసిస్తారు."

ఆ సాయంత్రం గది మధ్యలో కుర్చీ వేసింది మా ఆవిడే. రెండుసార్లు లేచి మూడోసారి వాడు కూలబడితే ఏడ్చింది గానీ, కుర్చీ తీయలేదు. ఆ తర్వాత రోజూ నేను అంకెలు చెప్పేవాణ్ణి. జాలిపడి ఎనిమిది తర్వాత పది అంటే వాడు ఒప్పుకునేవాడు కాదు, కొలతల మనిషి కదా.

నాలుగో నెలలో డాక్టరు సరేనన్నాక కొట్టు తెరిచాడు. మా ఆవిడ కాపలాగా బల్ల పక్కనే కూర్చుంది. ఒక చొక్కా నిలబడే కత్తిరించి, రెండోది మొదలెట్టాడు. "కూర్చోరా" అనబోయి ఆగిపోయింది.

కాసేపటికి చూస్తే, నెలల తరబడి సరిగ్గా కన్ను మూయని మనిషి గోడకి తల ఆనించి హాయిగా నిద్రపోతోంది. కత్తిరించడం అయిపోయింది, ఇక వాడు మిషన్ ముందు కూర్చోవచ్చు.

"మిషన్ తొక్కితే అక్క లేస్తుంది బావా" అన్నాడు గుసగుసగా. ఇంకో గుడ్డ పరిచి కత్తెర తీసుకున్నాడు. ఆమె లేచేదాకా, ఇంకో గంట నిలబడే ఉన్నాడు.