వదిలెయ్యమన్నది నేనే

మా ముత్తాత ఏడూళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. మా తాత గుర్రం దిగకుండానే తగాదాలు తీర్చేవాడట. నాన్న కాలానికి పటేలుగిరీ రద్దయింది, గుర్రం పోయింది, వాకిట్లో నిలబడే జనమూ పోయారు. ఆయనకు నేనొక్కతినే కూతుర్ని. నిటారుగా నిలబడే అలవాటు మాత్రం నా దాకా వచ్చింది. దానితోపాటు తొమ్మిదేళ్లు ఒక అబద్ధాన్ని కూడా మోశాను. అన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

నాకు కుడి రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో రొమ్ము తీసేసి, వీపు కండను ముందుకు తిప్పి కొత్తది కట్టారు. బంధువుల్లో సంగతి తెలిసిన ఒకే ఒక్క మేనత్త, "యాభై దాటినంక గా కొత్తది నీకెందుకే?" అంది. నాకు కావాలి గనక. రవిక తొడుక్కుని అద్దం ముందు నేను నేనుగా నిలబడాలి గనక. దానికి నేను సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. ఇక్కడ ఒప్పుకుంటున్నది అది కాదు.

ఊళ్లో మాత్రం బంధువుల ఇంట్లో ఉండి వచ్చానని చెప్పాను. సిగ్గు లేదంటూనే ఎందుకు దాచాను? జాలి చూపులు పడతాయని. మా గడప లోపలికి వచ్చి ఎవరూ జాలిపడలేదు, నాతో మొదలు కాకూడదనుకున్నాను. ఊళ్లో నిజం తెలిసింది మా ఇంట్లో పనిచేసే సాయమ్మకే. నాకు స్నానం చేయించింది, రవిక హుక్కులు పెట్టింది ఆమే గనక.

దవాఖానలో వ్యాయామాలు నేర్పారు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పాకించుకుంటూ చెయ్యి పైకి తీసుకుపోవాలి. ఎంతవరకు అందితే అక్కడ గీత గీసుకోవాలి, మర్నాడు ఆ గీత దాటాలి. గోడ మీద గీతలేమిటని ఎవరైనా అడుగుతారని నేను గీయడం మానేశాను. తర్వాత గోడ దగ్గరికి పోవడమే మానేశాను. చెయ్యి భుజం ఎత్తు దగ్గర బిగుసుకుపోయింది.

అంతలో మైసమ్మ బోనాలు వచ్చాయి. మొదటి బోనం మా ఇంటిది. అన్నీ పోయాక ఊరు మాకు వదిలిపెట్టిన మర్యాద అదొక్కటే. కుండను కుడిచేత్తోనే పట్టాలి. ఎడమచెయ్యి తగలకూడదు. ప్రతి ఆడదాని తలమీదా బోనం పెట్టేది సాయమ్మే. ఆమె చేతితో ఎత్తిస్తే మంచిదని బిజినేపల్లి నుంచి కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్లు.

ఆ పొద్దున మా వాకిట్లో కుండ ఎత్తబోతూ ఆగింది.

"దొర్సానీ, చెయ్యి లేస్తలేదు. ఈసారి మీ చిన్నాయన కోడలికి ఇయ్యుండ్రి."

"ఎత్తు."

"పోనీ, నేను పట్టుకొని పక్కన నడుస్త."

"పటేలింటి ఆడిది ఇంకొకరితోని పట్టిచ్చుకుంట నడుస్తదా? గుడి మలుపుకాడ జనముంటరు. ఆడ వదిలెయ్."

"జర ఇనుండ్రి..."

"వదిలెయ్యమన్నప్పుడు వదిలెయ్."

మలుపు దగ్గర వదిలింది. నా చెయ్యి కుండ అంచును అందుకోలేకపోయింది. దీపం, అన్నం, వేపాకు అన్నీ నేల మీద పడ్డాయి. డప్పు ఆగింది.

"ఏమైందమ్మా?" అన్నారెవరో.

"సాయమ్మ నడుమల వదిలింది," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఆలోచించి అబద్ధమాడి ఉంటే కొంత నయమేమో. తడుముకోకుండా వచ్చింది, నా రక్తంలోనే ఉన్నట్టు.

"ఏందే సాయమ్మా, పొద్దుగాల్నే కల్లు పడ్డదా?" అని ఒకడు నవ్వాడు. ఆమె నా కుడి భుజం వంక చూసింది. ఒక్క మాటతో బయటపడగలిగేది.

"అవ్, నేనే వదిలిన," అంది.

మర్నాడూ వచ్చింది. హుక్కులు పెడుతూ, "గోడకు చెయ్యి పెట్టుండ్రి దొర్సానీ. మానొద్దు," అంది. అంతే. ఒక తిట్టు తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆ తర్వాత ఆమెను బోనం ఎత్తడానికి ఎవరూ పిలవలేదు. పెళ్లిళ్లలోనూ పక్కన పెట్టారు. ఏడాది తిరగకుండా కూతురి దగ్గరికి కల్వకుర్తి వెళ్లిపోయింది.

నేను గోడ దగ్గరికి తిరిగి వెళ్లాను. తలుపు తీసిపెట్టే గీతలు గీశాను. నొప్పికి కళ్లనీళ్లు వచ్చినా ఆపలేదు. పశ్చాత్తాపమా అది? కాదేమో. మళ్లీ పడిపోకూడదన్న పంతం. కొన్ని నెలలకు జడ నేనే వేసుకున్నాను, దండెం మీద బట్టలు ఆరేశాను. మరుసటేడు బోనం మోశాను, ఎవరి సాయమూ లేకుండా. జనం చేతులు జోడించారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెయ్యి లేచింది, నోరు లేవలేదు.

కల్వకుర్తి ఎంత దూరం? వెళ్లలేదు. వెళ్తే ఆమె, "పోనియ్యుండ్రి దొర్సానీ," అంటుంది. ఆ మాట నాకు వద్దు. నేను దానికి తగను, అడుక్కోను కూడా. పోయిన బోనాలకు మాత్రం కుండ నెత్తికెత్తుకోకముందే, గుడి మలుపు దగ్గర అందరి ముందూ చెప్పాను: నాకు క్యాన్సర్ వచ్చింది, చెయ్యి లేవలేదు, వదిలెయ్యమన్నది నేనే, సాయమ్మది తప్పు లేదు. మొదటి బోనం వేరే ఇంటికి ఇచ్చారు. ఇవ్వనీ. ఆ రోజు ఉత్త తలతో ఇంటికి నడిచాను. ఊపిరి బాగా ఆడింది.

మిగిలింది కూడా చెప్పేస్తాను. మాకు మిగిలిన కాలువ కింది మడి బాకీలకు పోయిందని ఊరు ఇప్పటికీ అనుకుంటోంది. బాకీలకు కాదు. నా కొత్త రొమ్ము కోసం నేనే అమ్మాను.