తమిళనాడుకూ త్రిపురకూ నడుమ

మొన్న దారపు ఉండల కోసం ఫోనులో ఆర్డరు పెడుతున్నాను. నాకు కావలసిన మందంలో నూలు దారం ఇప్పుడు జనగామ బజారులో దొరకడం లేదు. బొంతలు కుట్టేవాళ్లే లేనప్పుడు దారం మాత్రం ఎవరు తెచ్చిపెడతారు? పేరు రాసి, పిన్‌కోడ్ కొట్టగానే రాష్ట్రం అన్న గడిలో 'తెలంగాణ' అని దానంతటదే వచ్చి కూర్చుంది. ఇదేమీ కొత్త కాదు, ఏళ్లుగా వస్తూనే ఉంది, అయినా ఆ పొద్దున ఎందుకో నా వేలు అక్కడే ఆగిపోయింది. సంతోషం కలిగిందా అంటే లేదు, ఏడుపు వచ్చిందా అంటే అదీ లేదు. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చుండిపోయాను.

నలభై దగ్గర పడ్డాక మౌసు పట్టుకోవడం నేర్చుకున్న తరం మనది. దాన్ని ఎక్కడ నొక్కితే ఏం పాడవుతుందోనని భయపడ్డ రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. నాకైతే ఆ భయం కూడా మా ఆయన వల్లే వచ్చింది, ఆయన వల్లే పోయింది. ఆయన బస్సు కండక్టరు. టికెట్లు కొట్టే మిషను చేతికొచ్చిన రోజు నుంచి తనకు తెలియని యంత్రం ఈ భూమ్మీద లేదన్నట్టు తిరిగేవాడు. నా పుట్టిల్లు గూడూరు దగ్గర, అడవి అంచున. అక్కడి చలికి పాత చీరలు నాలుగు మడతలు వేసి బొంత కుట్టుకోకపోతే తెల్లవారేది కాదు. కుట్టు మా అమ్మ నేర్పింది, అంచుకు వేసే గొలుసు పని మాత్రం పక్క తండా నుంచి వచ్చే ఒక అవ్వ నేర్పింది. ఆమె తన భాషలో కుట్లు లెక్కపెట్టుకుంటుంటే నేనూ ఆ లెక్కే పట్టుకున్నాను, ఇప్పటికీ అంచు కుట్టేటప్పుడు నా నోట్లో ఆ భాషే తిరుగుతుంది.

ఆయన తోటి కండక్టరు కూతురు బెంగుళూరులో నేను కుట్టిన చంటిపిల్లల బొంత తన స్నేహితులకు చూపిస్తే, మాకూ కావాలని నలుగురూ అడిగారట. అంతే, వీటిని కంప్యూటరులో అమ్ముదామని ఆయన పట్టుబట్టాడు. పాత చీరలు కొనేందుకు ఎవరికి పిచ్చి పట్టిందని నేను నవ్వాను. నవ్వుతూనే ఒక సాయంత్రం స్టేషన్ రోడ్డులో ఉన్న నెట్ సెంటరుకు ఆయన వెంట వెళ్లాను, కట్టిన చీర కూడా మంచిదే.

అక్కడ ఒక పెద్ద అమ్మకాల సైటులో పేర్లు నమోదు చేసుకోవాలి. ఊరు, వీధి అన్నీ నింపాడు. రాష్ట్రం దగ్గరికి వచ్చేసరికి ఒక జాబితా తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్ పైనే ఉంది, ఒక్కసారి నొక్కితే పనైపోయేది. ఆయన నొక్కలేదు. జాబితాను కిందికి కిందికి లాక్కుంటూ పోయి తమిళనాడు దగ్గర ఆగాడు, దాని కిందే త్రిపుర ఉంది. చాలాసేపు ఆ రెండు పేర్లనూ చూశాడు.

"గీ రెండిటి నడుమ జర జాగ ఉంటే సాలు. మనం గాడ్నే ఉండాలె," అన్నాడు.

నాకు చిరాకు వేసింది. అప్పటికి ఊళ్లో బండ్ల నంబర్లకు ముందున్న అక్షరాలు కూడా జనం మార్చి రాసుకుంటున్నారు, నిజమే, కానీ బొంతలకూ ఉద్యమానికీ ఏమిటి సంబంధం? అదే అడిగాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "లేని చిరునామా పెట్టి దుకాణం తెరుస్తమా?" అన్నాడు. ఆ రోజు అలాగే తిరిగొచ్చాం.

తరువాత ఆయనే కష్టపడి ఖర్చు లేని పేజీ ఒకటి తయారుచేసుకున్నాడు. ఫొటోలు, ఫోను నంబరు, కింద 'జనగామ, తెలంగాణ' అన్న చిరునామా. ఏ జాబితాలోంచీ ఏరుకోనక్కరలేని చిరునామా అది. పార్సెలు తెల్లగుడ్డలో పెట్టి నేను మూతి కుట్టేదాన్ని, ఆయన లావుపాటి నల్ల పెన్నుతో రెండు చిరునామాలూ రాసేవాడు. తెలంగాణ అన్న మాటను మిగతా అన్నిటికన్నా పెద్దగా రాసేవాడు, వీధి పేరుకు చోటు చాలకపోయినా సరే.

మెల్లగా ఆర్డర్లు రాసాగాయి. కొందరు తమ ఇంట్లోని పాత చీరలే పంపి, వాటితోనే కుట్టిమ్మని అడిగేవాళ్లు. అలా అడిగినవాళ్లలో కాకినాడ టీచరమ్మ ఒకరు. ఆమెకు ఫోనులో జవాబు చెప్పాలంటే నాకు మొహమాటం. మన మాట వింటే సినిమాల్లోలా నవ్వుతారేమోనని ఒక జంకు మనకందరికీ ఉండేది కదా. మా ఆయనైతే ఆమెతో రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడి, ఫోను పెట్టేశాక నా వెక్కిరింతలు పడేవాడు. ఆమె మాత్రం ఎన్నడూ నవ్వలేదు. పోయిన వాళ్లమ్మ చీరలు మూడు పంపింది, కూతురికి నెలలు నిండుతున్నాయి, పుట్టబోయే బిడ్డను ఆ బొంతలోనే పడుకోబెట్టాలని ఆమె కోరిక.

"మా అమ్మ ఒడిలో పడుకున్నట్టు ఉంటుందండీ," అంది.

మా అత్తమ్మకు ఇది ఎంతమాత్రం నచ్చలేదు. ఆమెది చిట్యాల దగ్గర ఊరు, మా దగ్గరే ఉండేది.

"సచ్చినోళ్ల బట్ట పసిగుడ్డుకు కప్పుతరా? మీకేమన్న సోయి ఉన్నదా?" అని కొడుకు మీద లేచింది. ఆ చీరలున్న గదిలో కూర్చోవడం కూడా మానేసింది. నేను మాత్రం కుట్టాను. మెత్తటి నేత చీరలవి, సూది వేస్తే వెన్నలోకి దిగినట్టు దిగేది.

బొంత పూర్తయ్యేసరికి సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, మధ్యమధ్య రైళ్లూ ఆగాయి. మా ఆయన పొద్దున్నే డిపో ముందరి టెంటుకు పోయి సాయంత్రం గొంతు బొంగురు చేసుకుని వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం మాత్రం తొందరగా వచ్చి పార్సెలు సిద్ధం చేయించాడు. చిరునామాలు రాసి, గూట్లో పెట్టి, "బస్సు కదిలిన్నాడు మొదలు గిదే పోవాలె" అన్నాడు. ఆ తరువాత మూడోనాడో నాలుగోనాడో, నేను వాకిట్లో బతుకమ్మకు గునుగు పూలు విడదీస్తుంటే, ఛాతీ బరువుగా ఉందంటూ వచ్చి మంచం మీద ఒరిగాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

ఆ రోజుల గురించి చెప్పమంటే నా దగ్గర ఎక్కువ లేదు. చుట్టాలు ఆటోల్లో, ట్రాక్టర్ల మీద వచ్చారు. ఏడువు బిడ్డా, ఏడిస్తే తేలికైతది అన్నారు. నాకు ఏడుపు రాలేదు. తినమంటే తిన్నాను, కూర్చోమంటే కూర్చున్నాను. లోపల ఒక మనిషి ఉండవలసిన చోట ఎవరూ లేనట్టుండేది.

సమ్మె ఆగి, డిపోలోంచి మొదటి బస్సు హారను వినిపించిన రోజునే కాకినాడ నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట. ఆమెకు ఇక్కడి సంగతి తెలియదు, నేనూ చెప్పలేకపోయాను. పంపుతానని మాత్రం అన్నాను. గూట్లోంచి పార్సెలు తీసి ఒళ్లో పెట్టుకుంటే, దాని మీద ఆయన చివరిసారిగా రాసిన అక్షరాలున్నాయి. ఆ గుడ్డ విప్పి దాచుకుని, బొంతను వేరే గుడ్డలో పంపితే ఎవరికీ నష్టం లేదు. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. గడప అవతలి నుంచి చూస్తున్న అత్తమ్మ, ఆ చీరలొచ్చిన నాటి నుంచి కాలు పెట్టని ఆ గదిలోకి వచ్చి నా పక్కన కూలబడింది.

"పంపు బిడ్డా. మొదలు గదే పోవాలె అన్నడు గద నా కొడుకు," అంది.

కత్తెర పక్కన పెట్టి, పోస్టాఫీసుకు వెళ్లి ఇచ్చేసి వచ్చాను. టపా సంచిలో పడేదాకా ఆ అక్షరాలు చూస్తూ నిలబడ్డాను. కళ్లు అప్పుడూ తడవలేదు.

బొంత చేరిందని చెప్పడానికి ఫోను చేసి, సారుకు నమస్కారాలు చెప్పమంది టీచరమ్మ. అప్పుడు చెప్పాను. ఆమె ఫోను పెట్టేసింది. కొన్ని రోజులకు కాకినాడ నుంచి ఒక పార్సెలు వచ్చింది. అందులో ఆమె కట్టుకున్న చీర ఒకటి, తీరిక చూసుకుని ఇంకో బొంత కుట్టమని రెండు ముక్కల ఉత్తరం. పైన గుండ్రటి పంతులమ్మ రాతలో నా చిరునామా. చివర 'జనగామ, తెలంగాణ' అని, తెలంగాణ మిగతా అన్నిటికన్నా పెద్దగా ఉంది. రాష్ట్రం ఇంకా రాలేదు, ఇవ్వకూడదని అటు వైపు ఊరేగింపులు తీస్తున్న కాలమది. దారిలో ఎవరూ ఆ మాట మీద గీత పెట్టలేదు.

అత్తమ్మకు చదువు రాదు. ఆ పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి, "మావోని రాతేనా?" అని అడిగింది.

కాదని చెప్పాను. "గట్లనే ఉన్నది," అని, వేలు అక్కడే ఉంచింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. తరువాత మళ్లీ అంతగా ఎన్నడూ రాలేదు.

రాష్ట్రం వచ్చిన నాడు వీధంతా టపాసులు కాల్చారు. పిలిస్తే వెళ్లాను, మొహానికి గులాలు పూస్తే పూయించుకున్నాను, ఇంటికొచ్చి కడుక్కుని సూది పట్టుకున్నాను. అత్తమ్మ కూడా పోయి చాలా ఏళ్లయింది. బొంతలు ఇప్పటికీ అడపాదడపా పోతూనే ఉన్నాయి. పార్సెలు మీద అంటించే కాగితం మిషనులోంచి అచ్చయి వస్తుంది, ఊళ్లూ రాష్ట్రాలూ అన్నీ ఒకే సైజు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఎవరి ఊరినీ ఎవరూ చేత్తో రాయవలసిన పని లేదు. మంచిదే, తప్పులు దొర్లవు. కానీ ఏ పార్సెలు ఎవరి చేతి మీదుగా వచ్చిందో తెలిసే రోజులు పోయాయి.

మొన్న మాడిన పాలగిన్నె నానబెట్టి వచ్చి మళ్లీ ఫోను అందుకున్నాను. నింపనక్కరలేని ఆ గడి మీద వేలు పెడితే జాబితా తెరుచుకుంది. కిందికి కిందికి లాగాను. తమిళనాడు, తెలంగాణ, త్రిపుర. నడుమ జాగ దొరికింది. చూడమని చెప్పడానికి పక్క కుర్చీ వైపు తల తిప్పి, మళ్లీ ఫోను వైపు తిప్పుకుని, దారం రంగు ఎంచుకున్నాను.