యోసేపుకు డైలాగు లేదు

నాటకం పాడవడానికి మార్గాలు అనేకం. నటుడు మాటలు మరిచిపోవచ్చు, తెర చిక్కుకుపోవచ్చు, మైకు కుయ్యిమనొచ్చు. ఇవన్నీ చిల్లర ప్రమాదాలు. నేను మాత్రం క్రిస్మస్ నాటకం రాసి, అందులో బాలయేసును పెంచిన తండ్రి యోసేపును పెట్టడమే మరిచిపోయాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆగితే అది నేనెందుకవుతాను?

మట్టెవాడలో మా చర్చి చిన్నది, ఉత్సాహం పెద్దది. డిసెంబరు వచ్చిందంటే అసలు పండుగకు ముందే ఒక ఆదివారం సెమీ క్రిస్మస్ చేస్తాం. పండుగకు రిహార్సల్ లాంటి పండుగ అన్నమాట. పొద్దున ఆరాధన, తర్వాత నాటకం, ఆపైన బగారన్నం, కోడికూర. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం మొదలు కాలేదు. ఆ మధ్యకాలంలో అందరికీ సలహాలిచ్చే పనిలో ఉన్నాను.

"నాటకం నువ్వే రాయి ప్రభాకర్, నువ్వే చేయించు" అన్నారు మా పాస్టరు అయ్యగారు. "మంచిగైతే ఆ రోజే భోజనాల కాడ నిన్ను యూత్ లీడర్ అని చెప్త."

యూత్ లీడర్! ఆ మాట వినగానే నా కాళ్లు నేలకు జానెడు ఎత్తున నడవసాగాయి. వారంలో నాటకం రాసి పడేశాను. ఎవరి మనసూ నొప్పించకూడదని ముగ్గురు జ్ఞానులను ఐదుగురిని చేశాను, ఎందుకంటే సంఘ పెద్దకు ఇద్దరు మేనల్లుళ్లు. దేవదూతలు పద్నాలుగు మంది. సత్రం యజమానికి పేజీన్నర డైలాగు. ఒక గొర్రెకు కూడా రెండు ముక్కలు మాట్లాడే అవకాశం ఇచ్చాను, దాని వాళ్లమ్మ బాధపడుతుందని.

మా బాపు వడ్రంగి. స్టేజీ కోసం వాకిట్లో కర్రకు చిత్రిక పడుతూ ఒకరోజు అడిగాడు:

"నాకేమన్న వేషం ఉన్నదారా?"

"నీకెందుకు బాపు వేషం? నువ్వు స్టేజి కట్టు, పశువుల పాక కట్టు. గంతే."

"మంచిది" అని మళ్లీ చిత్రిక పట్టుకున్నాడు.

పాఠకులారా, యోసేపు వృత్తి ఏమిటో మీకు గుర్తుండే ఉంటుంది. అచ్చంగా అదే పని చేస్తున్న మనిషి, చెవి మీద పెన్సిలుతో సహా, నా ఎదురుగా కూర్చొని వేషం అడిగాడు. నాకు వెలగలేదు. స్టేజీకి కట్టడానికి తెచ్చిన కరెంటు నక్షత్రం వెలిగింది గానీ నాకు వెలగలేదు.

ఆదివారం వచ్చింది. ఆరాధనకు ముందు ఆఖరి రిహార్సల్. మరియ వేషం కరుణది. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆ పిల్లే, నోరు కూడా పాటంత చక్కగా నడుస్తుంది.

"అన్నా, బెత్లెహేముకు నేను ఎవరితోని పోవాలె?"

"గాడిదతోని."

"గాడిదను పట్టుకొని నడిచేటోడు ఎవరు?"

"నీ మొగడు."

"ఆ మొగడు ఎవరనే అడుగుతాన."

నేను కాగితాలు తిరగేశాను. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు. గొర్రె ఉంది, దాని రెండు ముక్కలూ ఉన్నాయి. యోసేపు లేడు.

తప్పు చేసినవాడికి వాదన దొరక్కపోతుందా? నేను గొంతు సవరించుకున్నాను. "చూడు కరుణా, లేఖనాల్ల కూడ యోసేపు ఒక్క మాట మాట్లాడడు. కలల దూత వచ్చి లెవ్వుమంటే లేస్తడు, పొమ్మంటే పోతడు. తల్లిని, పిలగాన్ని తీసుకొని ఐగుప్తుకు పోతడు, మళ్ల తోలుకొస్తడు. పిలగానికి పన్నెండేండ్లు వచ్చినంక ఆయన ముచ్చటే ఉండది. ఎప్పుడు పోయిండో కూడ రాయలే. అంత పెద్ద గ్రంథమే ఆయనకు మాట ఇయ్యలే, నేనెంత?"

"మాట ఇయ్యలే అన్నా. మనిషినైతే ఇచ్చింది గదా!"

ఇక మనిషి కోసం వేట మొదలైంది. సత్రం యజమాని వేసే డేవిడ్‌ను పట్టుకున్నాను.

"డేవిడ్, జర యోసేపు చెయ్యవా?"

"డైలాగులెన్ని?"

"ఒక్కటి లేదు."

"పాట?"

"లేదు."

"మరేం చేస్తడు?"

"నిలబడుతడు."

"నాటకం అయ్యేదాంక ఉత్తగనే నిలబడాల్నా? నాకు పేజీన్నర ఉన్నది, నన్ను ఇడిసిపెట్టు."

ఐదో జ్ఞాని ఒక మెట్టు దిగి, "పోనీ హేరోదు రాజుతోని ఒక ఫైటు పెడితే చేస్త" అన్నాడు. నా లీడరు పదవి కళ్లముందే కరిగి చెమటగా కారుతోంది. కరుణ స్టేజీ వైపు చూపు తిప్పింది. అక్కడ నిచ్చెన మీద, నోట్లో మేకులతో, చెవి మీద పెన్సిలుతో మా బాపు.

"బాపు! యోసేపు చేస్తవా?"

మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. "ఏం మాట్లాడాలె?"

"ఏం మాట్లాడొద్దు."

"ఇంట్ల చేసేదే గదా" అన్నాడు.

భుజం మీద ఒక జంపఖానా, తలకు తువ్వాల. యోసేపు తయారయ్యాడు. పెన్సిలు తీయడం ఎవరికీ తట్టలేదు.

నాటకం భేషుగ్గా సాగింది. బాలయేసుగా మా అక్క కొడుకు, నాలుగు నెలలవాడు, తొట్టిలో గడ్డి మీద హాయిగా నిద్రపోయాడు. అప్పుడు పద్నాలుగు మంది దేవదూతలు ఒకేసారి స్టేజీ ఎక్కారు. బల్లలు కిర్రుమన్నాయి. తొట్టి పక్కనున్న గుంజ కింద పెట్టిన చెక్క జారిపోయింది. తెర, బల్బుల దండ, నక్షత్రం, పాక కప్పు, అన్నీ ఆ గుంజ మీదే ఆధారపడి ఉన్నాయి. యోసేపు ఒక్క అడుగు వేసి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనపడిందల్లా బాపు ముఖం. గుంజ వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు, కనుబొమ్మలు ఎగరేస్తాడు. ఆహా, ఏమి హావభావాలు! నేను పక్కనుంచి బొటనవేలెత్తి, "సూపర్, ఇంకా కానియ్" అని సైగ చేశాను. ముందు వరుసలో ఒక అవ్వ కళ్లొత్తుకుంటూ, "ఉలుకు లేదు పలుకు లేదు, ఎంత మంచిగ చేస్తాండో" అంది.

తెర మూసుకుంది. నేను దాని ముందు నిలబడి వందన సమర్పణ మొదలుపెట్టాను. మా దగ్గర నాటకం తప్పినా క్షమిస్తారు గానీ వందనాల్లో పేరు తప్పితే క్షమించరు. అందుకే జాబితా రాసుకొచ్చాను. "సంఘానికి స్తంభాలైన పెద్దలకు వందనాలు!" అని మొదలుపెట్టి, టెంటువాళ్లకు, మైకువాళ్లకు, కుర్చీలు మోసినవాళ్లకు, ఐదుగురు జ్ఞానులకు పేరుపేరునా, చివరికి పోకుండా ఉన్నందుకు కరెంటుకు కూడా వందనం చెప్పాను. తెర వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది. ఎవరికో జలుబు చేసిందనుకున్నాను.

భోజనాలు. నేను మూడో ముక్క కొరుకుతుండగా అయ్యగారు వచ్చారు. ఇదే ఆ ఘడియ అని వీపు నిటారుగా పెట్టాను.

"ఆ యోసేపు ఎవరయ్య? జర పిలువు, షేక్‌హ్యాండ్ ఇయ్యాలె."

"మా బాపే అయ్యగారు!"

"ఏడి మరి?"

వరుసలన్నీ చూశాను. అన్నం వడ్డిస్తున్న అమ్మ దగ్గరికి పోయాను. "అమ్మా, బాపు ఏడి?"

"నీతోని లేడా?"

"నీతోని ఉన్నడనుకున్న!"

అక్క తల తిప్పకుండానే అంది, "స్టేజి మీద పిల్లగాని కాడ ఉన్నడు. ఆయన ఉన్నడనే నేను నిమ్మలంగ తింటాన."

ఎంగిలి చేత్తోనే పరుగెత్తి తెర ఎత్తాను. బాపు అక్కడే ఉన్నాడు. రెండు చేతులూ గుంజ మీద, జంపఖానా జారి మోచేతి దగ్గర, పెన్సిలు చెవి మీద. గుంజ పక్కన తొట్టిలో మనుమడు. వెయ్యి స్తంభాల గుడి ఉన్న ఊర్లు మావి. వెయ్యిన్నొకటో స్తంభాన్ని తెర వెనక పెట్టుకొని నేను స్తంభాలకు వందనాలు చెప్పి వచ్చాను.

"బాపు! ఒక్క కేక పెట్టకపోయినవా?"

యోసేపు ఆ రోజు పలికిన ఒకే ఒక్క డైలాగు అప్పుడు పలికాడు, గుసగుసగా.

"మెల్లగరా. పిల్లగాడు పండుకున్నడు."

నేను ఎంగిలి చెయ్యి తుడుచుకొని దగ్గరికి పోయాను. ఆ అవకాశం చూసి బాపు గుంజను నా చేతుల్లో పెట్టాడు. మనుమడిని లేవకుండా ఎత్తుకొని అక్కకిచ్చి, చేతులు కడుక్కొని వెళ్లి బంతిలో కూర్చున్నాడు.

"ఎంతసేపు పట్టుకోవాలె బాపు?" అని తెరలోంచి అరిచాను.

"నేను తినేదాంక!"

అమ్మ వచ్చి నా అవస్థ చూసి నడుం మీద చేయి పెట్టుకుంది. "పండుగల పన్నెండేండ్ల యేసు తప్పిపోతే మరియ, యోసేపు మూడొద్దులు ఎతికిండ్రట. నీకు తండ్రి యాదికొచ్చేసరికి మూడు ముక్కలు పట్టినయి." వెనకే అయ్యగారు తొంగి చూశారు. "ఇప్పుడు నిలబడుడు నేర్చుకున్నవు. పో, నువ్వే లీడర్!" చప్పట్లు కొడదామంటే నాకు చేతులు ఖాళీ లేవు.

ఆ గుంజ సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఇకమీదట నేను ఏ నాటకం రాసినా మొదటి వేషం యోసేపుది, మొదటి వందనం యోసేపుకు, మొదటి విస్తరి యోసేపు ముందు. ఇప్పటికీ తప్పలేదు. డైలాగు కూడా ఇస్తానని ఏటా అడుగుతూనే ఉన్నాను.

"వద్దురా, పిల్లగాడు లేస్తడు" అంటాడు బాపు.

ఆ పిల్లగాడు ఇప్పుడు ఆరో తరగతి. బడి రోజున వాణ్ని లేపడానికి ఇంటిల్లిపాదీ అరవాల్సిందే.