ఏడు వారాల అలమ్నస్

ఆ రోజుల్లో కర్నూలు రాజధాని. ఆఫీసులు డేరాల్లో నడిచేవి, అద్దెకు గది దొరికేది కాదు. పెద్ద మాటలకు మాత్రం కరువుండేది కాదు. మా ఇంగ్లీషు అయ్యవారికి 'పూర్వ విద్యార్థి' అన్న మాట ఆనేది కాదు. బడి ముగించినవాడు ఒకడైతే అలమ్నస్, పదిమందైతే అలమ్నై అని పలికించేవారు. (ఆడపిల్లలకు వేరే మాట ఉందట, మా బడిలో దాని అవసరం పడలేదు.) కాలువ పనిలో కొత్తగా ఓవర్‌సీరుగా చేరిన నన్ను, అలమ్నైల మొదటి సభలో ఇంగ్లీషులో వందన సమర్పణ చెయ్యమన్నారు. అధ్యక్షుడు మా పై ఇంజనీరు. ఆయన చెవిన నా ఇంగ్లీషు పడితే, ఎండలో సర్వే గొలుసు లాగడం తప్పి ఆఫీసులో డ్రాయింగు బల్ల దొరుకుతుందని నా ఆశ.

ఏదైనా కొలిచి చూసుకోవడం నా చదువు నేర్పిన అలవాటు. అందుకని ఆ మాట వాడబోయే ముందు నిఘంటువు తిరగేశాను. లాటిన్‌లో దాని అసలు అర్థం, తిండి పెట్టి పెంచిన బిడ్డ. నేను వారాలు చేసుకుని చదివినవాణ్ణి. రోజుకొక ఇంట్లో భోజనం, వారానికి ఏడిళ్లు. ఆ లెక్కన నన్ను అలమ్నస్‌ని చేసింది ఆ వంటిళ్లే. వాళ్లనూ సభకు పిలవాలనిపించింది. సభ రోజు పొద్దున్నే, ఏ వీధి తర్వాత ఏ వీధో గీసుకుని, ఇంటికి పది నిమిషాలని లెక్క వేసుకుని బయలుదేరాను. లెక్కలో విస్తరి వేయడం మరిచాను.

సోమవారం ఇంటి అత్త బొరుగుల ఉగ్గాని పెట్టింది. మంగళవారం ఇంట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. అక్కడ తిని మా ఇంట్లో తినకపోతే ఎట్లా అని బుధవారం వాళ్లు నిష్ఠూరమాడారు. గురువారం అవ్వ సంగటి ముద్ద ముందు పెట్టుకుని కూర్చుంది. కడుపులో చోటు లేదని చెప్పబోయాను.

"శానా చిక్కినావు నాయనా. ఆ కాలవ గట్టున నీకెవరు పెడతాండారు? తిను."

మిగిలిన మూడిళ్లలో ఏం తిన్నానో గుర్తులేదు. ఆయాసం మాత్రం గుర్తుంది.

సాయంత్రం అత్తలు, అవ్వ వెనక చాపల మీద కూర్చున్నారు. నేను వేదిక మీద. ఇంజనీరుగారి ఉపన్యాసం సాగుతూ ఉంది, సాగుతూనే ఉంది. తర్వాత నా పేరు పిలిచారట. అయ్యవారు భుజం పట్టి కుదుపుతుంటే వెనకనుంచి అవ్వ గొంతు వినిపించింది.

"లేపొద్దు సామీ. పిల్లోడు తిని వచ్చినాడు."

సభంతా నవ్వింది, ఇంజనీరుగారు తప్ప. బల్ల ఇంకెవరికో పోయింది. మర్నాడు మళ్లీ గొలుసు, మళ్లీ ఎండ. ఇన్నేళ్లలో చాలా బల్లల ముందు కూర్చున్నాను, చాలా వందన సమర్పణలు తడబడకుండా ముగించాను. ఇప్పుడు సరిగా తినలేని, నిద్ర పట్టని వయసులో, అయ్యవారు అవ్వ మాట విని ఆ కుర్రవాణ్ణి ఇంకాసేపు లేపకుండా ఉండవలసిందనిపిస్తుంది.