కృష్ణ దాకా చుట్టాలు లేని దారి

నందిగామ నుంచి ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డుకు బండి మీద గంట పడుతుంది. మాకు మూడేళ్లు పట్టింది. రోడ్డు బాగానే ఉంది, బండి కూడా బాగానే ఉంది. దారిలో మా చుట్టాలున్నారు, అదీ సంగతి.

నేను హైవే పక్కన లారీలు తూచే వేబ్రిడ్జిలో పని చేస్తాను. లారీలు పళ్లెం మీదికి ఎక్కుతాయి, బరువు చీటీ ఇస్తాను, దిగిపోతాయి. లారీకీ లారీకీ మధ్య చదువుకుంటాను. బడిలో నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరవాత చదివిందంతా మా ఊరి గ్రంథాలయంలోదే. బౌద్ధ స్తూపాలు, కోటలు, నదులు, తిమింగలాలు, ఏ పుస్తకం చేతికి దొరికితే అది తెచ్చుకున్నాను. యాత్రల పుస్తకాలున్న బీరువా మొత్తం పూర్తి చేశాను. ఇంట్లో కూర్చుని కాశీ వీధుల్లో దారి చెప్పగలను. మా ఆవిడను మాత్రం గంట దారిలో ఉన్న నదికి తీసుకువెళ్లలేకపోయాను.

మా ఆవిడ ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకుంది. వారమంతా జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు. పొద్దుపోయేసరికి పాదాలు వాచిపోతాయి. ఆమె పుట్టిల్లు మైలవరం దగ్గర. కృష్ణను చూసిందంటే బస్సు కిటికీలోంచి చూడటమే. ఒక ఆదివారం పూట నేను జగ్గయ్యపేట స్తూపం గురించీ వేదాద్రి గురించీ ముక్త్యాల కోట గురించీ వరసగా చెబుతుంటే, సూదిలో దారం ఎక్కిస్తూ అంది:

"నాకు స్తూపాలొద్దు, కోటలొద్దండీ. కృష్ణలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పులిహోర తినాలి. అంతే."

ఇంత చిన్న కోరికా అనుకున్నాను.

మొదటిసారి పొద్దున్నే ఎనిమిదింటికి బయలుదేరాం. క్యారేజీ నిండా పులిహోర. జగ్గయ్యపేట బజారులో మా ఆవిడ పెద్దమ్మగారి ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. మేం ఇంకా నాలుగిళ్ల అవతల ఉండగానే ఆవిడ అరుగు మీదినుంచి లేచి నిలబడింది.

"ఏమే! ఇంటి ముందునుంచే పోతా ఆగకుండా పోదామనా?"

అంత దూరం నుంచి మొహం ఆనదు. చీరను గుర్తు పట్టింది. ఆ చీర పెట్టింది ఆవిడే.

మా వైపు కట్టుబాటు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. చుట్టాల ఊరి మీదుగా వెళుతూ ఇంటికి రాకపోవడమంటే వాళ్లు చచ్చిపోయారని ప్రకటించడంతో సమానం. వెళితే మంచినీళ్లతో వదలరు. మంచినీళ్ల తరవాత టీ, టీ తరవాత "అన్నం తినకుండా ఎట్టా?" అన్నం తిన్నాక ఎండ చల్లబడేదాకా నడుం వాల్చాలి. చల్లబడ్డాక ఇంకో టీ. మా పులిహోర ఆ మధ్యాహ్నం పెద్దమ్మగారి వీధిలో ఇంటింటికీ పంపకమైంది. సాయంత్రం నందిగామకు తిరిగి వచ్చాం. మా ఆవిడ కాళ్లు కడుక్కుంది, అది కూడా మా బాత్రూంలో.

రెండోసారికి నేను బుర్ర ఉపయోగించాను. హెల్మెట్ పెట్టుకుంటే తల కాపాడుకోవచ్చని పోలీసులు చెబుతారు. మొహం కూడా కాపాడుకోవచ్చని నేను కనిపెట్టాను. ఇద్దరికీ రెండు హెల్మెట్లు, అద్దాలు దించి. చీర కొత్తది, ఏ చుట్టమూ పెట్టనిది. చిల్లకల్లు దగ్గర పెట్రోలు బంకులో ఆగాం. వెనక నుంచి ఎవరో నా వీపు మీద చరిచారు.

"అబ్బాయ్, ఎటు?"

మా బాబాయి. ఆ బండి నాకు అమ్మింది ఆయనే. హెల్మెట్ తీయకుండా తల అడ్డంగా ఊపి చూశాను. ఆయన అద్దం పైకెత్తి లోపలికి తొంగి చూసి, "నువ్వేలే" అన్నాడు.

"ముక్త్యాల దాకా వెళ్లొద్దామని బాబాయ్."

"ముక్త్యాల యాడికి పోద్ది? ఇయాళ వీరులపాడులో ఓణీల ఫంక్షను. మీకు చెప్పలేదని వాళ్లు బాధపడుతున్నారు. పదండి, నేనూ అటే."

మాకు చెప్పకుండా వాళ్లు చేసిన తప్పుకు మేం వెళ్లి వాళ్లను ఓదార్చాలన్నమాట. కృష్ణ దక్షిణాన ఉంటే మేం వచ్చిన దారినే వెనక్కి తిరిగి, నందిగామ దాటి, వీరులపాడు చేరాం. ఫంక్షన్‌లో మూడు రకాల స్వీట్లు పెట్టారు. పులిహోర కూడా పెట్టారు. మా ఆవిడ తన విస్తట్లో పులిహోర వైపు చాలాసేపు చూసింది.

ఆ రాత్రి మిషన్ మీద గుడ్డ కప్పుతూ అంది: "ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి కూడా కుదరకపోతే ఇక అడగనండీ."

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాణ్ని. మామూలుగా అంది. కరెంటు బిల్లు కట్టారా అని అడిగినట్టు అంది. అందుకే భయం వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అడగడం మానేసిన మనిషితో ఎలా బతకాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

గ్రంథాలయం గోడకు పాత జిల్లా పటం ఒకటి ఉంది. జిల్లా రెండుగా చీలినా ఆ పటం ఇంకా ఒక్కటిగానే వేలాడుతోంది. మా ఆవిడ జాకెట్ల కొలతలు గీసుకునే పల్చటి కాగితం తీసుకెళ్లి, పటం మీద పెట్టి, నందిగామ నుంచి కృష్ణ దాకా ఉన్న దారులన్నీ పెన్సిల్‌తో దించుకున్నాను. తరవాత చుట్టాలున్న ఊళ్ల మీద ఎర్ర చుక్కలు పెట్టాను. నా వైపు వాళ్లు, ఆమె వైపు వాళ్లు, వియ్యపురాళ్ల వియ్యపురాళ్లు. కాగితానికి ఆటలమ్మ పోసినట్టయింది.

లైబ్రేరియన్‌గారు వెనక నిలబడి చూశారు. "ఏంటండీ, ఎలక్షన్ సర్వేనా?"

"కాదండీ. ఈ చుక్కలు తగలకుండా కృష్ణకు పోవాలి."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఎంతో శ్రద్ధగా చూశారు. వత్సవాయి వైపు నేను మర్చిపోయిన ఇద్దరు మేనత్తలను గుర్తు చేశారు కూడా. అటువైపు మేం వెళ్లం కాబట్టి ఫరవాలేదన్నాను. చివరికి ఒక దారి దొరికింది. చిల్లకల్లు రాకముందే హైవే దిగి ఎడమకు తిరిగితే, చేల మధ్య నుంచి సన్నటి చుక్కల గీత ఒకటి నది దాకా పోతోంది. దాని మీద ఒక్క ఎర్ర చుక్క కూడా లేదు. నేను చదివిన చదువంతా ఒక పనికి వచ్చిందని అప్పుడు అనిపించింది.

పత్తి తీతల కాలంలో ఒక ఆదివారం బయలుదేరాం. పటం చెప్పినట్టే తిరిగాం. మొదట తారు రోడ్డు, తరవాత మట్టి రోడ్డు, తరవాత ట్రాక్టరు చాళ్లు, ఆ తరవాత పత్తి చేను. చుక్కల గీత చేలోకి వెళ్లి ఆగిపోయింది. నేను బండి ఆపి కాగితం తిప్పి తిప్పి చూశాను.

"పటంలో ఉందే!" అన్నాను.

"పటంలో బండి నడపండి మరి," అంది మా ఆవిడ.

గట్టు మీద తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ పత్తి మూట కడుతోంది. అరవై ఏళ్లుంటాయి. అడగక తప్పలేదు.

"ముక్త్యాల వైపు ఇటు బండి దారి ఉందండీ?"

"ఉండేది. దున్నేసి చాలా కాలమయింది. ఎవురు చెప్పారు బాబూ నీకు?"

పటం చెప్పిందని అనబుద్ధి కాలేదు. ఆవిడ మూట వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ నిలబడటం నాకు తెలుసు. ఇక ప్రశ్నలు మొదలవుతాయి.

"మీదే ఊరు?"

"నందిగామండీ."

"నందిగామలో ఎవురి తాలూకు?"

"మాకెవరూ లేరండీ," అన్నాను గబగబా. "బయటి నుంచి వచ్చాం."

వెనక సీటు మీంచి మా ఆవిడ హెల్మెట్ తీసింది. ఆమెకు అబద్ధం రాదు. "మాది మైలవరం దగ్గరండీ," అంది.

"మైలవరం దగ్గరంటే? రైసు మిల్లు ఎనకమాల పెంకుటింటోళ్లు తెలుసా నీకు?"

"అది మా అమ్మమ్మగారిల్లేనండీ!"

"ఓసి నీ దుంపతెగ! మీ అమ్మమ్మా మా అమ్మా అక్కచెల్లెళ్ల పిల్లలే! మీ అమ్మ పెళ్లికి పెళ్లికూతురి పక్కన కూర్చుంది నేనేనే! నేను నీకు పిన్నినవుతా!" ఆవిడ వచ్చి మా ఆవిడ బుగ్గలు రెండూ పట్టుకుంది. తరవాత నా వైపు తిరిగింది. "అల్లుడూ, దిగు. ఎవరూ లేరంటావేంది? నేను లేనా?"

నాలుగే నిమిషాలు. చుట్టాలు లేని దారి వెతుక్కుని వెళ్లి, అసలు ఉన్నదని కూడా తెలియని అత్తగారిని సంపాదించుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఇంటికి పదండి. కోడిని కోయిస్తా. ఈయాళ్టికి ఉండి రేపు పోదురు గాని."

నేను మా ఆవిడ మొహం చూడలేకపోయాను. ఎండ నడినెత్తికి వస్తోంది. కోడి అంటే మూడు గంటలు, నడుం వాల్చడం ఒక గంట. ఆమె బండి దిగింది. అయిపోయిందనుకున్నాను. ఇక ఈ జన్మకు నన్ను ఏదీ అడగదు. ఇంకా పద్ధతిగా బతికేస్తుంది, అన్నం పెడుతుంది, సూదిలో దారం ఎక్కించుకుంటుంది, అంతే.

"పిన్నీ," అంది ఆమె. "ఇక్కడికి కృష్ణ ఎంత దూరం?"

"అదుగో, ఆ తుమ్మచెట్ల ఎనకే. ఎంతలే, ఒక కూతవేటు."

"నువ్వు ఎప్పుడెళ్లావు?"

పిన్నిగారు ఆలోచించింది. "పుష్కరాలకు."

"అంతకు ముందు?"

"ముందు పుష్కరాలకు."

మా ఆవిడ తన హెల్మెట్ పిన్నిగారి తువ్వాలు మీదే పెట్టేసి బెల్టు బిగించింది. "ఎక్కు."

"ఎక్కడికే? పత్తి మూట? ఇంటి కాడ గేదె?"

"పత్తి ఎక్కడికీ పోదు. గేదెకు సాయంత్రం దాకా పాలు రావు. ముందు కృష్ణకి, తర్వాత మీ ఇంటికి. రాకుండా వెళ్లిపోతే నువ్వు నన్ను తిట్టుకో."

ఇన్నేళ్లుగా నేను చుట్టాలనుంచి ఎలా తప్పించుకోవాలా అని ఆలోచించాను. వాళ్లను బండి ఎక్కించవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. పిన్నిగారు చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కింది. నా వెనక మా ఆవిడ, ఆమె వెనక పిన్నిగారు, మధ్యలో క్యారేజీ. బండి మూలిగింది. పిన్నిగారు నా భుజం మీదుగా చేయి చాపి దారి చూపించింది. ఎడమకు, కాలవ గట్టు మీదికి, మోటారు షెడ్డు పక్కనుంచి, కిందికి. ఆ దారి ఏ పటంలోనూ లేదు. మేం చేరింది ముక్త్యాల కూడా కాదు. అదసలు ఊరే కాదు. నల్లటి బండరాళ్లు, కొంచెం ఇసక, ఎదురుగా కృష్ణ.

మా ఆవిడ చెప్పులు విడిచి, ఒక చదును రాయి చూసుకుని కూర్చుని, మడమలు ముందుగా, తరవాత పాదాలు మొత్తంగా నీళ్లలో పెట్టింది. వేళ్లు కదిపి చూసుకుంది. నీళ్లు ఆ వాచిన పాదాల మీదినుంచి తీరిగ్గా పోతున్నాయి. పిన్నిగారు పక్కన కూర్చుని తన కాళ్లు కూడా పెట్టింది. హెల్మెట్ తీయడం మర్చిపోయింది. క్యారేజీ తెరిచాం.

"ఉప్పు తగ్గిందే," అంది పిన్నిగారు మొదటి ముద్దకే. అంటూనే రెండోసారి పెట్టించుకుంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఈ నది ఎక్కడో పడమటి కనుమల్లో చిన్న ధారగా పుట్టి, మూడు నాలుగు రాష్ట్రాలు దాటి ఇక్కడికి వస్తుందని మొదలుపెట్టాను. మా ఆవిడ చేయెత్తబోయింది గానీ పిన్నిగారికి ఆసక్తి కలిగింది.

"అంత దూరం నించా! దారిలో ఎంతమంది చుట్టాలు ఆపి ఉంటారో పాపం!"

"ఆపారండీ," అన్నాను. "ప్రతి రాష్ట్రంలోనూ ఆనకట్టలు కట్టి ఆపారు. ఒకచోట కాదు."

"అయినా వచ్చింది చూడు," అంది మా ఆవిడ. నీళ్ల వైపు చూస్తూనే అంది.

రెండు గంటలు కూర్చున్నాం. లేద్దామా అని నేను రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ వద్దంది పిన్నిగారే. కూతవేటు దూరంలో ఉన్న నదిని పుష్కరానికొకసారి చూసే మనిషి, ఆ రోజు మోకాళ్ల దాకా దిగి, దోసిలితో నీళ్లు ఎగజల్లి, చీర అంచు తడుపుకుని, "మా ఇంట్లో వాళ్లకు చెప్పకండే" అని రెండుసార్లు ఒట్టు వేయించుకుంది.

ఆ తరవాత ఇచ్చిన మాట ప్రకారం వాళ్లింటికి వెళ్లాం. కోడి తప్పలేదు. మేం తింటూ ఉండగా పిన్నిగారు ఫోన్ తీసి జగ్గయ్యపేట పెద్దమ్మగారికి చేసింది. "మీ ఊరి మీదుగా పోకుండా మా ఇంటికొచ్చారు పిల్లలు," అని మొదటి మాటే అది. ఫోన్లోంచి వస్తున్న పెద్దమ్మగారి గొంతు వంటింట్లోకి కూడా వినిపించింది. దీనికి మళ్లీ జగ్గయ్యపేట వెళ్లి, అరుగు మీద కూర్చుని, రెండు పూటలు తిని, క్షమాపణ చెప్పుకోవాలి.

మా ఆవిడ ఎడమ చేత్తో ఫోన్ అందుకుంది.

"పెద్దమ్మా, అరవకు. వచ్చే నెల రెండో ఆదివారం నువ్వు తయారుగా ఉండు. ఆటో మాట్లాడతాం. పిన్ని కూడా వస్తుంది. పాత చీర కట్టుకో, తడుస్తావు."

అటువైపు నుంచి పెద్దమ్మగారు చాలా నెమ్మదిగా, "ఎన్నింటికి?" అంది.

నేను కంచంలోంచి తలెత్తి మా ఆవిడ వైపు చూశాను. వచ్చే నెల రెండో ఆదివారం వేబ్రిడ్జిలో నాకు డ్యూటీ ఉంది. ఆ మాట చెప్పబోయాను.

"మీరు మార్చుకోండి," అంది, పిన్నిగారికి ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ.

ఆ రోజు నుంచి మా ఆవిడ నిజంగానే అడగడం మానేసింది. ఎప్పుడు వెళుతున్నామో, ఎంతమందిమి వెళుతున్నామో చెబుతుంది. నేను డ్యూటీ మార్చుకుంటాను.